ఈ వారం నువ్వెవరివి?

గజం అంటే మూడడుగులు. గజం అంటే ఏనుగు కూడా. ఈ రెండిటికీ ఉన్న సంబంధం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. హెస్పర్ కాలేజీలో లిండెల్ ప్రూయిట్ పరిగెత్తి సంపాదించిన ప్రతి గజానికీ ముందు ఒక గజం నడిచేది. ఆ రెండో గజాన్ని నేనే. పేరు మెర్ల్ డైక్‌స్ట్రా. అప్పటి బరువు చెప్పను. ఇప్పటి బరువు నా భార్య చెప్పనివ్వదు.

ఫుట్‌బాల్ అని పేరే గానీ మా ఆటలో కాలికి పని తక్కువ, తలకి దెబ్బలు ఎక్కువ. కోడిగుడ్డు ఆకారపు బంతిని ఒకడు చంకలో ఇరికించుకుని పరిగెత్తుతాడు. అవతలివాళ్ళు పదకొండు మంది వాణ్ణి కింద పడేయడానికి వస్తారు. వాడికి ముందు మాలాంటి లావుపాటి వాళ్ళు వరసగా వంగి, చెయ్యి నేలకి ఆనించి, కూత పడగానే లేచి ఆ వచ్చేవాళ్ళని పక్కకి తోసి సందు చేస్తారు. సందు దొరికితే వాడికి పేరు. దొరక్కపోతే మాకు తిట్లు. పరుగు వాడిది, బరువు మాది, పరువు ఊరందరిదీ.

నా స్థానాన్ని ఎడమ గార్డు అంటారు. లిండెల్ మాత్రం మొదటి ఏడాదే నాకు 'తలుపు' అని పేరు పెట్టాడు. "నువ్వు తెరుచుకుంటే నేను వెళ్తాను, అంతే కదరా," అన్నాడు. ఆ వారమంతా కలిపి అతను మాట్లాడింది బహుశా అదే. తలుపుని ఎవరూ తలపుల్లో పెట్టుకోరని నేను దానికి జవాబు చెప్పాను. అతను నవ్వలేదు. నా మాటలకి నవ్వకుండా నా పక్కన కూర్చోగలిగిన మనిషి అతనొక్కడే. మిగతావాళ్ళు నవ్వి లేచిపోయేవారు.

మా ఊరు నూర్డ్‌విక్, అయోవా రాష్ట్రంలో. ఊళ్ళో సగం మంది డచ్చివాళ్ళు, మిగతా సగం డచ్చివాళ్ళని చేసుకున్నవాళ్ళు. లిండెల్ మిస్సోరి రాష్ట్రపు అట్టడుగున పత్తిచేల మధ్య పెరిగాడు. తల్లి లేదు. ఒడెస్సా అత్త పెంచింది. మా చర్చిలో నల్లజాతివాడు అతనొక్కడే. మా లీగ్‌లో అరవై ఏళ్ళుగా ఎవరూ పరిగెత్తనన్ని గజాలు పరిగెత్తాడు. పాత రికార్డు ఉన్న ముసలాయన స్వయంగా చేతికర్ర పట్టుకుని వచ్చి, "ఇక నేను హాయిగా చావొచ్చు నాయనా," అని కరచాలనం చేసి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నం అతన్ని భుజాల మీద మోసే ఊరు, ఆదివారం చర్చి మెట్ల మీద 'బాగున్నావా' అన్నాక ఏమనాలో తెలియక వాన గురించి మాట్లాడేది. లిండెల్‌కి వాన గురించి అభిప్రాయాలు లేవు. "అవునండీ," అని, ప్రార్థన తర్వాత పెట్టే చిల్లీ కూర గిన్నె, దాల్చినచెక్క రొట్టె పట్టుకుని భోజనాల బల్ల చివరకి పోయి కూర్చునేవాడు. నేను కూడా పోయి కూర్చునేవాణ్ణి. మా ఇద్దరిలో మాటలు నావి, మౌనం అతనిది. వాటాలు సమంగానే పంచుకున్నామని నేననుకునేవాణ్ణి.

డ్రాఫ్ట్ రోజులు వచ్చాయి. అంటే పెద్ద లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని పేరు పెట్టి పిలుచుకునే రోజులు. మూడు రోజుల పండగ. కాలేజీ భోజనశాలలో టీవీ పెట్టి ఊరంతా కూర్చుంది. వంటావిడ గెర్డా వాన్‌డెర్‌ప్లూగ్ గారు బల్లంత కేకు చేసి, దానిమీద లిండెల్ బనియను అంకె గీసి, పక్కన జానెడు జాగా వదిలిపెట్టారు. పిలిచిన జట్టు పేరు అక్కడ రాయడానికి క్రీము గొట్టం చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

మొదటి రోజు ఫోను మోగలేదు. రెండో రోజు మోగింది. కుర్చీలు వెనక్కి పడేలా అందరం లేచాం. లిండెల్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నాన్నా, నేను, అత్తని. నీ ఫోను పని చేస్తోందా?"

"చేస్తోందత్తా."

"మరి మోగట్లేదేం?"

"నువ్వు చేస్తేనే మోగుతోందత్తా."

మూడో రోజు సాయంత్రానికి పిలవాల్సిన పేర్లన్నీ అయిపోయాయి. గెర్డా గారి చేతిలో క్రీము గట్టిపడింది. "కేకు చేసిన పాపం ఏముంది, కొయ్యండి," అన్నారావిడ. కోశారు. జానెడు ఖాళీ ఉన్న ముక్క ఎవరూ తీసుకోలేదు. నేనే తిన్నాను. తీపిగానే ఉంది.

అందరూ వెళ్ళిపోయి మేమిద్దరం కుర్చీలు మడుస్తుండగా మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఒక పెద్ద పట్నం జట్టువాళ్ళు. డ్రాఫ్ట్ చేయలేదు గానీ వేసవి శిబిరానికి రమ్మన్నారు. హామీ ఏమీ లేదన్నారు. లిండెల్ "థాంక్సండీ" అని పెట్టేసి మిగిలిన కుర్చీలు కూడా మడిచాడు.

శిబిరం చివర ఆగస్టులో కోతల రోజు. మా దగ్గర కోతలు రెండు రకాలు: ఊరి టావెర్న్‌లో బీరు పట్టుకుని నేను కోసేవి, పట్నంలో జట్టువాళ్ళు కోసేవి. నా కోతలకి ఎవరికీ దెబ్బ తగలదు. వాళ్ళ కోతలో లిండెల్ పేరు పోయింది. పొద్దున తీసేసి, మర్నాడు పిలిచి, ప్రాక్టీసు దళంలో ఉంచుకుంటామన్నారు.

ప్రాక్టీసు దళం అంటే ఆదివారం ఆడని ఆటగాళ్ళు. వారమంతా ఆడేవాళ్ళకి సాధన చేయించడం వాళ్ళ పని. లిండెల్ పని ఇంకా విచిత్రం. వచ్చే ఆదివారం ఎదురుపడబోయే జట్టులో పేరున్న పరుగుగాడు ఎవడో, ఈ వారం లిండెల్ వాడు కావాలి. మంగళవారం వాడి వీడియోలు చూడాలి. బుధవారం వాడి అంకె ఉన్న పసుపు బనియను తొడుక్కుని, వాడిలా నిలబడి, వాడిలా బంతి అందుకుని, వాడిలా పరిగెత్తాలి. సొంత జట్టు డిఫెన్సు వాళ్ళు అతన్ని ఆ పగవాడనుకుని పడేయడం నేర్చుకోవాలి. ఆదివారం మామూలు బట్టలేసుకుని గీత బయట నిలబడి, అసలువాణ్ణి వాళ్ళు పడేస్తుంటే చూడాలి.

నేనప్పటికి ఆట నుంచి రిటైరై ఊళ్ళో టైర్ల కొట్టు పెట్టుకున్నాను. ప్రతి బుధవారం భోజనాల వేళ లిండెల్ ఫోను చేసేవాడు. 'హలో' మా ఇద్దరికీ అలవాటు లేదు.

"ఈ వారం నువ్వెవరివిరా?"

"బోడ్రో."

"వాడెలా ఉంటాడు?"

"బంతి అందుకోగానే ఓ క్షణం ఆగుతాడురా. ఈ బస్సెక్కాలా, తర్వాత బస్సెక్కాలా అన్నట్టు. మనవాళ్ళు తొందరపడి మీదకొస్తారు. అప్పుడు దూకుతాడు."

"దూకితే?"

"బస్సు వాళ్ళ మీదనుంచి పోతుంది."

ఇంకో బుధవారం:

"ఈ వారం?"

"ఓక్స్. పెద్ద మనిషి. సందు వెతకడు. ఎదురుగా ఎవడుంటే వాడే సందు."

"వీడికి తలుపు అక్కర్లేదన్నమాట."

"గోడ కూడా అక్కర్లేదు."

కాలేజీలో నాలుగేళ్ళు కలిసి మాట్లాడనన్ని మాటలు ఆ ఫోన్లలో మాట్లాడాడు. ఓక్స్‌గా ఉన్న వారం గొంతు కూడా మోటుగా, నవ్వు పెద్దగా ఉండేది. బోడ్రోగా ఉన్న వారం మాటకీ మాటకీ మధ్య ఆగేవాడు. నాకు సరదాగా ఉండేది. టావెర్న్‌లో అవన్నీ అతనిలా నటించి చూపించేవాణ్ణి. జనం కడుపు పట్టుకునేవారు. "కాలేజీలో ఎలా పరిగెత్తేవాడో అది కూడా చూపించరా," అనేవారు. చూపించేవాణ్ణి. నేను లిండెల్‌లా పరిగెత్తితే బల్లలు కదిలేవి. నా పక్కన నిలబడి ఆ పరుగు చూసినట్టు వాళ్ళు తల ఊపేవారు.

అతను ఆ పనిలో అంత బాగా కుదురుకోవడమే అతని కొంప ముంచింది. ఆదివారం మ్యాచ్ గెలిచి వచ్చి డిఫెన్సు నాయకుడు అతని భుజం తట్టి, "బుధవారం బోడ్రో కంటే ఆదివారం బోడ్రో తేలిగ్గా దొరికాడురా," అన్నాడట. కోచ్ దగ్గరకి పోయి, ఒక్క మ్యాచ్ ఆడించమని అడిగితే, ఆయన బాధగానే చెప్పాడట: "నిన్ను పైకి తీస్తే మావాళ్ళకి పాఠం చెప్పేదెవరు బాబూ? పరుగుగాళ్ళు దొరుకుతారు. నీలాంటివాడు దొరకడు."

'నీలాంటివాడు' అన్న మాట లిండెల్ ఫోనులో రెండుసార్లు అన్నాడు. నాకు జోకు తట్టలేదు. తట్టకపోవడం నాకు అలవాటు లేని పని గనక, వాన గురించి ఏదో అన్నాను.

అలా మూడు సీజన్లు గడిచాయి. అపార్ట్‌మెంట్‌లో మంచం, టీవీ, వీడియోలు చూసే పలక. ఓసారి వెళ్ళాను. ఫ్రిజ్‌లో గుడ్లు, పాలు, ఎవరో వదిలేసిన కెచప్. గోడకి ఒక్క బొమ్మ లేదు. "ఇల్లు కట్టుకోవాలంటే ఏ వారం కట్టుకోవాలి? వారానికో మనిషి ఉంటాడు కదా ఇక్కడ," అన్నాడు. అది అతను వేసిన మొదటి జోకు. నేను గట్టిగా నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే.

మూడో సీజను ఆఖరి వారం. ఫోను బుధవారం కాకుండా శనివారం వచ్చింది. కొట్టు నిండా జనం. పెద్ద మంచు వస్తుందంటేనే టైర్లు మార్పించుకోవాలని అందరికీ ఒకేరోజు గుర్తొస్తుంది మా ఊళ్ళో.

"ఈ వారం నువ్వెవరివిరా?" అన్నాను అలవాటుగా.

అవతల నిశ్శబ్దం. బోడ్రో వారమేమో అనుకున్నాను.

"ఈ వారం నేనేనట," అన్నాడు.

ఒకడికి చీలమండ విరిగింది, ఇంకొకడికి విషజ్వరం. రేపటి మ్యాచ్‌కి సొంత అంకెతో, సొంత పేరుతో లిండెల్ దుస్తులేసుకుంటున్నాడు. నేను కొట్లో అరిచిన అరుపుకి జాక్ మీదున్న ట్రక్కు కదిలింది.

"అరవకురా. విను. ఇంకో సంగతుంది. కెనడాలో ఒక జట్టువాళ్ళు పిలిచారు. జీతం ఇక్కడి దాంట్లో సగం. కానీ వాళ్ళకి అసలు పరుగుగాడు కావాలి. మొదటివాణ్ణి. ఇక్కడివాళ్ళేమో వచ్చే ఏడాది కూడా ఈ వేషాలకే ఉండమంటున్నారు. సోమవారం మధ్యాహ్నానికల్లా ఇద్దరికీ ఏదో ఒకటి చెప్పాలి."

"ఇందులో ఆలోచించేదేముందిరా? కెనడా వెళ్ళు!"

"నాలో నాది ఉంటే వెళ్తాను." కాస్త ఆగి అన్నాడు. "మూడేళ్ళయింది తలుపూ. బంతి పట్టుకుంటే ముందు ఎవడో ఒకడు వస్తున్నాడు. నా పరుగు ఇంకా ఉందో లేదో నాకు తెలియట్లేదు. లేకుండా అక్కడికి పోయి వాళ్ళని మోసం చేయలేను. ఇక్కడైతే మోసం చేయడమే ఉద్యోగం. రేపు నువ్వొచ్చి చూడు. చూసి చెప్పు. నీకంటే తెలిసినవాడు లేడు."

"నేనుండగా నీకెందుకురా," అన్నాను.

తెల్లవారకముందే బయల్దేరి ఐదు గంటలు నడిపాను. దారి పొడవునా కోసేసిన మొక్కజొన్న చేలు. మధ్యాహ్నపు మ్యాచ్. నా సీటు ఎంత ఎత్తులో ఉందంటే, ఇంకో రెండు వరసలెక్కితే విమానం టికెట్టు అడిగేవారు. మూడో భాగం మధ్యలో లిండెల్ మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు. వీపు మీద ప్రూయిట్ అన్న అక్షరాలు. నేను గట్టిగా కేకేశాను.

"ఎవడండీ వీడు?" అన్నాడు పక్క సీటాయన.

"లిండెల్ ప్రూయిట్! హెస్పర్ కాలేజీ! రికార్డులన్నీ వీడివే! వీడికి తలుపుని నేనే!"

ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూసి, తన బీరు గ్లాసు అటుపక్కకి జరుపుకున్నాడు.

మొదటిసారి బంతి అందుకుని రెండు గజాలు పోయి పడ్డాడు. రెండోసారి ఎడమవైపు తిరిగి, ఒకణ్ణి తప్పించి, ఇంకొకడి చేతికింద నుంచి జారి, పన్నెండు గజాలు పోయాడు. స్టేడియం లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాను. ఎత్తిన చేతులు అక్కడే ఆగాయి.

అది లిండెల్ పరుగో కాదో నాకు తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం చాలా సులువు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అతను పరిగెత్తడం నేను చూడలేదు. నా ముఖం గడ్డిలో ఉండేది. కూత పడగానే లేచి, ఎదుటివాడి గుండెలో తల పెట్టి తోసేవాణ్ణి. వాడు నామీద పడేవాడు. వాణ్ణి తోసుకుని లేచి చూసేసరికి లిండెల్ అవతలి చివర బంతిని రిఫరీ చేతికిస్తూ ఉండేవాడు. సోమవారం కోచ్ వీడియో వేస్తే, చీకటి గదిలో మేం ఐదుగురు లావుపాటి వాళ్ళం ఎవరి పాదాలు వాళ్ళం చూసుకునేవాళ్ళం. పాదం తప్పుగా పెడితే తిట్లు మరి. టావెర్న్‌లో నేను చేసి చూపించే పరుగంతా, స్టేడియం మెట్ల మీద కూర్చుని చూసినవాళ్ళు నాకు చెప్పింది. వాళ్ళ పరుగు వాళ్ళకే అమ్మి బీరు తాగాను ఇన్నేళ్ళూ.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు బంతి అందుకున్నాడు. ఒకసారి రెండు గజాలు వెనక్కి, ఒకసారి నాలుగు ముందుకి, ఒకసారి ఎక్కడివాడక్కడే. మ్యాచ్ అయిపోయింది. వాళ్ళ జట్టు ఓడిందో గెలిచిందో ఇప్పుడడిగితే ఆలోచించి చెప్పాలి.

కార్లు నిలిపే మైదానం దగ్గర ఎదురుచూశాను. పొద్దుట్నుంచీ కార్ల పక్కనే వండుకు తిన్న జనం పొయ్యిలు చల్లార్చి, మడత కుర్చీలు కార్లలో పడేసుకుని వెళ్ళిపోతున్నారు. ఎండ పలచగా ఉంది. లిండెల్ తడి జుట్టుతో, సంచీతో వచ్చి నా ట్రక్కు దగ్గర ఆగాడు.

"చెప్పు," అన్నాడు.

"ముందు తిందాం పద. ఐదు గంటలు నడిపానురా, నా పొట్టలో..."

"జోకులొద్దు తలుపూ. రెండోసారి ఎడమకి తిరిగాను చూశావా? అది నాదా?"

అతని ముఖం చూశాను. పరీక్ష రాసొచ్చిన పిల్లాడి ముఖం.

"నాకు తెలియదురా," అన్నాను.

"అంటే?"

"అంటే నేనెప్పుడూ చూడలేదు. నువ్వు నా వెనకుండేవాడివి. నాకు వీపు మీద కళ్ళు లేవు."

చేతిలో సంచీ కింద పెట్టాడు.

"నాలుగేళ్ళూనా?"

"నాలుగేళ్ళూ."

ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరివో ఖాళీ డబ్బాలు గాలికి దొర్లుకుంటూ పోయాయి. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. మన కాలేజీ వీడియోలు తెప్పించుకున్నానని, మిగతావాళ్ళని చదివినట్టే రాత్రంతా తనని తాను చదివానని, అడుగు ఎక్కడ పెట్టేవాడో, భుజం ఎప్పుడు దించేవాడో అంతా పట్టానని. "బాగానే చేశాననుకుంటాను. వాళ్ళకి ఆ పన్నెండు గజాలు నచ్చాయి కూడా. కానీ చేశానురా. అంతే. ఈ వారం ప్రూయిట్ అని ఎవడో ఒకణ్ణి చేశాను."

నాకు అప్పుడు ఒక్కటి తట్టింది. జోకు కాదు.

"చూడలేదు గానీ, విన్నాను," అన్నాను.

"ఏం విన్నావు?"

"నువ్వు రావడం. నీ ఊపిరి బిగబట్టడం. రెండు పొట్టి అడుగులు, ఒక ఈడ్పు అడుగు. సందు మారుతుంటే నా నడుము మీద రెండు వేళ్ళు ఆనించేవాడివి. ఇటా అటా అని. తర్వాత నా కుడి తుంటి పక్కనుంచి గాలి వెళ్ళినట్టు వెళ్ళేవాడివి. వంద మందిలో కళ్ళు మూసుకుని చెప్తాను. ఇది కోత కాదు."

"కాదని తెలుసు. నీ వీపు నాకు తెలుసు," అన్నాడు. "అబద్ధం ఆడేటప్పుడు నీ భుజాలు చెవుల దాకా లేస్తాయి. నాలుగేళ్ళు చూశాను."

ఇరవై వేల మంది మా ఆటలు చూసి ఉంటారు. నన్ను చూసినవాడు అతనొక్కడేనని నాకు అంతవరకూ తోచలేదు.

"వంగు," అన్నాడు.

నల్లటి తారు నేల మీద, కార్లకి గీసిన తెల్లగీత పక్కన, ఎడమ చెయ్యి తొడ మీద పెట్టి, కుడి చెయ్యి నేలకి ఆనించి వంగాను. మోకాలు కెవ్వుమంది. ఎదురుగా ఇనప కంచె. ఇంకా వెళ్ళని ఒక ముసలి జంట కారులోంచి మమ్మల్ని చూస్తూ వేరుశెనక్కాయలు తింటోంది. లిండెల్ స్వెటరు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని నా వెనక ఏడు గజాల దూరానికి నడిచాడు. కూత తనే వేశాడు. అడుగులు వచ్చాయి, నా పక్కనుంచి వెళ్ళాయి.

"కాదు," అన్నాను.

"నిజమే. అది ఓక్స్. ఇంకోసారి."

ఈసారి అడుగులు ఒక క్షణం ఆగాయి.

"కాదు."

"బోడ్రో. నాకే తెలిసింది. ఇంకోసారి."

మూడోసారి చెవులు రిక్కించాను. రెండు పొట్టి అడుగులు, ఒక ఈడ్పు. కానీ ఊపిరి మామూలుగా వస్తోంది. నా నడుము మీద వేళ్ళు సరిగ్గా పడాల్సిన చోటే పడ్డాయి. అడగడానికి పడలేదు. పడాలి గనక పడ్డాయి.

"దగ్గరగా ఉందిరా. కానీ కాదు."

"అది వీడియోలోది," అన్నాడు.

అలా ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ వెనక్కి నడిచేవాడు. ప్రతిసారీ నేను కంచె వైపు చూస్తూ వినేవాణ్ణి. ఒకసారి 'ఇదే' అనేద్దామని నోరు తెరిచాను. వాడు కెనడా వెళ్తాడు, మొదటివాడవుతాడు, కొన్నాళ్ళకి అదే దొరుకుతుంది, లేదా ఎవరికీ తెలియదు. ఒక్క మాట. నోరు తెరవగానే వెనకనుంచి, "భుజాలు దించు," అన్నాడు. దించాను. "కాదు," అన్నాను.

ముసలి జంట కారు వెళ్ళిపోయింది. స్టేడియం దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మళ్ళీ వంగి కూత కోసం చూశాను. కూత రాలేదు. అరచేయి తారు మీద చల్లబడింది. ఇంకా చూశాను. చివరికి తల తిప్పితే, అతను నా ట్రక్కు వెనక తలుపు దించి, దానిమీద కూర్చుని, ఫోనులో వేళ్ళతో ఏదో కొడుతున్నాడు.

"కెనడా వాళ్ళకి రాలేనని చెప్పేశాను," అన్నాడు. "మంచివాళ్ళు. రేపటిదాకా ఎదురుచూడటం ఎందుకు వాళ్ళు."

లేవబోయాను. లేవలేకపోయాను. వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. నన్ను తీసుకెళ్ళి ట్రక్కు చివర కూర్చోబెట్టాడు. పక్కనే తనూ కూర్చున్నాడు. ఏదో ఒకటి అనాలని నాకు చాలా అనిపించింది. మోకాలికీ బోడిగుండుకీ ముడి అంటారే, నాకు ఆ రెండూ ఉన్నాయి, వాటి మీద ఏదైనా అనొచ్చు. అనలేదు.

"వచ్చే సీజన్లో మాతో ఆడబోయే జట్టొకటుంది చూడు," అన్నాడు తనే. "వాళ్ళు కొత్త కుర్రాణ్ణి తీసుకున్నారు. కెల్లమ్ అని. లూసియానా వాడు. ఇరవై ఒక్కేళ్ళో ఏమో. ఎవరికీ దొరకట్లేదు. వాణ్ణి అప్పుడే మొదలుపెట్టాను."

"ఎలా ఉంటాడు?"

గొంతు మారింది. బుధవారం గొంతు. "చెప్తే తెలిసేది కాదురా. చూస్తావా?"

స్వెటరు మళ్ళీ చుట్టాడు. నా ఎదురుగా, ఈసారి నేను చూసే వైపు, ఖాళీ మైదానం మధ్యకి నడిచాడు. కాస్త వంగాడు. కదిలాడు.

నేను చాలా ఆటలు చూశాను. అలాంటిది చూడలేదు. మొదట నడుం కదిలింది, కాళ్ళకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసినట్టు తర్వాత కదిలాయి. లేనివాణ్ణి ఒకణ్ణి తప్పించాడు. ఆ లేనివాడు పడిపోవడం నాకు కనిపించింది. తల ఎత్తి, భుజాలు వదులుగా, ఎక్కడికో పిలిచినట్టు, భయమే తెలియనివాడిలా, తెల్లగీతలు ఒక్కొక్కటే దాటుకుంటూ, అవతలి కంచె దాకా పోయి వేళ్ళతో కంచె తాకి ఆగాడు. తిరిగి వస్తుంటే నవ్వుతున్నాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడి నవ్వు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు దూరం నుంచే.

"మళ్ళీ చెయ్యరా," అన్నాను.

లిండెల్ వెనక్కి నడిచి, గీత దగ్గర నిలబడి, ఊపిరి తీసుకుని, కెల్లమ్ అయ్యాడు.